తడబాట్లు సున్నా

యాత్రకు ముందు రోజు

ఈ పుస్తకం యాత్ర కమిటీ ఇచ్చింది. నడిచేవాళ్ళందరూ రోజూ ఎంతో కొంత రాయాలట. పోయినేడు ఒకాయన పది రోజులూ ఏం తిన్నాడో మాత్రమే రాశాడని ధనుంజయరావు గారు అందరి ముందూ చెప్పి నవ్వించారు. ఆ ఒకాయన అక్కడే కూర్చుని ఉన్నాడు పాపం. ధనుంజయరావు గారు కమిటీ పెద్ద. మంచివారే గాని మైకు దొరికితే వదలరు.

నా పేరు హైమ. నలభై ఏడేళ్ళు. మిట్టూరులో చెక్క వంతెనలు బాగుచేస్తాను. మా ఊరంతా నీళ్ళ మీద స్తంభాలెత్తి కట్టిందే కాబట్టి ఇంటికీ ఇంటికీ మధ్య బల్లలే దారి. ఏ బల్ల ఊగుతోంది, ఏ మేకు లేచింది అని తల వంచుకుని చూసుకుంటూ తిరగడమే నా ఉద్యోగం. యాత్రలో నా నంబరు పంతొమ్మిది. పసుపుపచ్చ గుడ్డ మీద కుట్టి ఇచ్చారు, వీపున కట్టుకోవాలి.

నేను నడిచేది మా వదిన కోసం. పేరు భ్రమరాంబ. మంత్రసాని. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతుల్లో పడి తొలిసారి ఏడ్చినవాళ్ళే. మా అమ్మ పోయాక నన్ను పెంచింది, మా అన్నయ్య పోయాక కూడా నన్ను వదల్లేదు. పోయిన వానాకాలంలో వచ్చిన జ్వరం ఆవిడ రెండు కాళ్ళ సత్తువా తీసుకుపోయింది. అప్పట్నించీ మంచం మీదే ఉంది. ఎవరింట్లోనైనా నొప్పులు మొదలయ్యాయని తెలిస్తే మంచం పట్టె పట్టుకుని లేవబోతుంది. అది చూడలేక నేను బయటికి వెళ్ళిపోతుంటాను.

ఇవాళ నా కాలికి నడక పట్టీ కట్టారు. ఎవరి కోసం నడుస్తామో వాళ్ళ చేతే కట్టించడం పద్ధతి. వదిన కడుతూ, "జాగర్త. ఇక మీదట నీ నడకే నా నడక. వంకరటింకరగా నడిచావంటే ఊరంతా నన్ను చూసి నవ్వుతారు" అంది.

"మరీ అంత వంకరా నా నడక?"

"చిన్నప్పుడు బాతులా ఉండేది. ఎంత తిప్పలు పడి దార్లో పెట్టానో నాకు తెలుసు."


మొదటి రోజు

తెల్లవారేసరికి నీరు తీసింది. ఏడాదికి పన్నెండు రోజులు సముద్రం వెనక్కి జరిగి పాత హైవేని బయటపెడుతుంది. నిన్నటిదాకా పడవలు తిరిగిన చోట తడి తారు మెరుస్తూ ఆకాశం అంచు దాకా పోయింది. ఆరు వరసల రోడ్డు. నడిమధ్యన ఒకప్పటి గన్నేరు మొక్కల మోళ్ళు, మొదలు నుంచి కొస దాకా గుల్లలు పట్టి తెల్లగా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే పూత పూసినట్టే ఉంది.

నడిచేవాళ్ళం ముప్ఫై ఒక్కమందిమి. సైకిళ్ళవాళ్ళు తొమ్మిదిమంది. పది రోజుల్లో రెండు వందల కిలోమీటర్లు నడిచి కొండపాయ అనే మెరక చేరాలి. ఒకరి వెనక ఒకరం వరసగా బయల్దేరాం. మా ఊళ్ళో ఎటు వెళ్ళినా రెండు వందల అడుగులకి నీళ్ళు అడ్డొస్తాయి. ఆ అలవాటు కొద్దీ మొదటి గంటంతా ఇక్కడ ఆగాలేమో, ఇక్కడ ఆగాలేమో అనుకుంటూనే నడిచాం. ఆగాల్సిన చోటు రాలేదు. నా ముందు పద్దెనిమిదో నంబరు కాసులమ్మ, వలలు అల్లే మనిషి, మాటిమాటికీ వెనక్కి తిరిగి "ఇంకా ఉందేంటండీ" అని నన్ను అడుగుతూనే ఉంది, ఆ రోడ్డు నేనే వేయించినట్టు.

సైకిళ్ళు అందరికంటే ముందు పోతాయి. ఈసారి వాటి వెనక ఒక్కోదానికీ ఒక్కో వెడల్పాటి చీపురు కట్టారు. రాళ్ళూ గుల్లలూ అన్నీ పక్కకి పోతున్నాయి. ముందు పోయేవాళ్ళు వెనక వచ్చేవాళ్ళకి దారి శుభ్రం చేసి ఇవ్వాలన్నది మా ఊరి మర్యాద. బల్ల మీద గుల్ల పడి ఉంటే మిట్టూరువాడెవడూ దాటి పోడు. వంగి తీసి నీళ్ళలో పారేసి మరీ పోతాడు. అలా చేయనివాడికి పిల్లనివ్వరు. ఇదివరకు యాత్రలో ఆ పని నలుగురు పెద్దవాళ్ళు చేత్తో చేసేవారు. వాళ్ళు తీస్తారులే అని మిగతావాళ్ళు వంగేవారు కాదు, సగం రాళ్ళు మిగిలిపోయేవి. పోయినేడు ఒకాయన మడమ మెలితిరిగి నానా యాతనా పడ్డాడు. అందుకని ఈసారి ఆ పెద్దవాళ్ళని ఇంటి దగ్గరే ఉండమని, సైకిళ్ళవాళ్ళ పెద్ద ఏసుపాదం గారు ఆరు నెలలు కూర్చుని ఈ చీపుర్లు కట్టారు.

సాయంత్రం ధనుంజయరావు గారు మైకులో చదివారు. "నడిచినవారు ముప్ఫై ఒక్కమంది. దూరం ఇరవై కిలోమీటర్లు. తడబాట్లు సున్నా." ఒక్కరంటే ఒక్కరం తూలలేదు. అందరం ఏసుపాదం గారి వైపు తిరిగి చప్పట్లు కొట్టాం. ఆయన సిగ్గుపడి సైకిలు చైనుకి నూనె వేసుకుంటూ కూర్చున్నారు.


రెండో రోజు

పొద్దువాలే వేళ నడకలు దాచే పెట్టె చుట్టూ కూర్చోవడం ఒక ముచ్చట. పెట్టె బాధ్యత మస్తాన్‌ది. మా పట్టీలకి తీగలు తగిలిస్తాడు. సైకిళ్ళవాళ్ళు బళ్ళని స్టాండ్ వేసి గంటసేపు తొక్కుతారు, ఆ కరెంటుతో ఆ రోజు నడక పెట్టెలోకి దిగుతుంది. దిగేటప్పుడు అరికాళ్ళలో చక్కిలిగింతలు. ముప్ఫై ఒక్కమందిమీ పెద్దవాళ్ళమై ఉండి కిసకిస నవ్వుతాం.

ఈ నడకని తర్వాత తోడుకాళ్ళలో పోస్తారు. తోడుకాళ్ళంటే నడుం నుంచి పాదాల దాకా కట్టుకునే సన్నటి చట్రాలు. మొదట్లో యంత్రం తయారుచేసిన నడక పోసి చూశారట. కట్టుకున్నవాళ్ళకి కళ్ళు తిరిగి వాంతులయ్యాయి. మనిషి నడిచిన నడకైతేనే ఒంటికి పడుతుంది. అదీ ఒక మనిషికి ఒక్కసారే పోయగలరు, రెండోది పట్టదు. జ్వరం వచ్చిన ఏడాది లోపే పోయాలి. మా వదినకి ఇంకా నెలన్నర మిగిలింది, అంటే ఈ యాత్రే.

ఆ తర్వాత చేతి రేడియోలో వదినతో మాట్లాడాను.

"ఎట్టా ఉందే రోడ్డు?"

"పళ్ళెంలా ఉంది వదినా. తుడిచి పెట్టారు."

"అయితే నీకు పనే లేదన్నమాట. మేకులు లేవు, బల్లలు లేవు. తోచి చావట్లేదేమో."

నిజమే. తోచట్లేదు. అయినా కిందికే చూస్తూ నడుస్తున్నాను.


మూడో రోజు

రాయడానికి పెద్దగా ఏమీ లేదు. రోడ్డు గుంటల్లో నీళ్ళు నిలిచి, ఆ నీళ్ళలో చిన్న చిన్న చేపలు. నడుస్తుంటే పాదాల కింద నుంచి మబ్బులు వెనక్కి పోతున్నాయి. ఒకచోట లారీ పక్కకి ఒరిగి ఉంది, కిటికీలోంచి పీత బయటికి చూస్తోంది. మధ్యాహ్నం అటుకులూ నాచు పచ్చడీ తిని మళ్ళీ నడిచాం. నిద్రలో నడుస్తున్నట్టుంది, కాని ఒళ్ళు నొప్పులు మాత్రం నిజం.

తడబాట్లు సున్నా.


నాలుగో రోజు

ఫ్లైఓవర్ మీద మకాం. ఎత్తు కాబట్టి ఇది ఎప్పుడూ మునగదు, పైన గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. వెనక్కి తిరిగి చూస్తే మేం నడిచివచ్చిన రోడ్డు అద్దంలా శుభ్రంగా కనిపించింది. అందరికీ గర్వంగా అనిపించింది. నాకూ అనిపించింది, ఒప్పుకుంటాను.

కాసులమ్మ నా బొబ్బలకి కొబ్బరినూనె రాసింది. ఆవిడ నడిచేది వాళ్ళ పెదనాన్న కొడుకు కోసమట. "మా అన్న నడిస్తే సూడాలండి. నడిసేటప్పుడు సేతులు ఊపుకుంటా పెద్ద జమీందారులాగ పోయేవోడు" అంది. ఈ మాట చెప్పి చాలాసేపు నూనె సీసా మూత బిగిస్తూ ఉండిపోయింది.


ఐదో రోజు

ఇవాళ జరిగింది వివరంగా రాయాలి.

మధ్యాహ్నం మకాం ఒక పాత ఢాబాలో వేశాం. గోడలు లేవు, టైల్సు వేసిన నేల మాత్రం మిగిలింది. ముందు రెండు మెట్లు. సగం యాత్ర అయింది కాబట్టి మస్తాన్ నడకలన్నీ సరిగా దిగుతున్నాయో లేదో చూడాలన్నాడు. అతని దగ్గర ఒక జత ఖాళీ తోడుకాళ్ళున్నాయి. వాటి పైన మనిషి బరువుకి సరిపడా ఇసుక బస్తా కట్టాడు. మొదట నా నడకే పెట్టాడు.

బస్తా లేచి రోడ్డు మీద నడిచింది. చూడ్డానికి వింతగా ఉంది. తల లేదు, చేతులు లేవు, కాని అది నేనే. కుడి పాదం కాస్త బయటికి వేయడం, మలుపులో ఒక్క క్షణం ఆగడం, అన్నీ నావే. అందరూ నవ్వారు. మస్తాన్ దాన్ని ఢాబా వైపు తిప్పాడు. మెట్టు అంచున చిన్న రాయి ఉంది. పాదం రాయి మీద పడింది.

బస్తా పడిపోయింది. తూలలేదు, తమాయించుకోలేదు, రెండో కాలు ముందుకు రాలేదు. నరికిన చెట్టులా నేరుగా పడింది. బస్తా పిగిలి ఇసుక మెట్ల మీద కారింది.

మస్తాన్ ఇంకో బస్తా కట్టాడు. కాసులమ్మ నడక పెట్టాడు. పడింది. పదకొండో నంబరుదీ పడింది. ముప్ఫై ఒక్క నడకలూ వరసగా పెట్టి చూశాడు. అన్నీ అదే మెట్టు దగ్గర అలాగే పడ్డాయి.

"వీటికి తడబడ్డం రాదు హైమక్కా," అన్నాడు. "తడబడి నిలదొక్కుకోవడం కూడా నడకలో భాగమే. అది మనం నేర్పలా. ఐదు రోజుల్లో ఒక్క రాయి కూడా తగల్లేదు కదా వీటికి."

ధనుంజయరావు గారి చేతిలో మైకు ఉంది. ఆయన దాన్ని కింద పెట్టేశారు. ఇదివరకు ఏ ఏడూ ఈ చిక్కు రాలేదు, ఎందుకంటే ఏ ఏడూ దారి ఇంత శుభ్రంగా లేదు.

మిట్టూరులో నున్నటి నేలంటూ ఎక్కడుంది? తడి బల్లలు, ఎత్తుపల్లాల మెట్లు, కింద నీళ్ళు. మా వదిన ఈ నడకతో ప్రసవానికి పిలిచిన ఇంటికి బయల్దేరితే మొదటి వంతెన మీదే పడుతుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పోయించుకోకపోతే ఇక ఎప్పటికీ లేవదు.

ఏసుపాదం గారు సైకిళ్ళ దగ్గరికి వెళ్ళి తొమ్మిది చీపుర్లూ ఒక్కొక్కటే ఊడదీసి పక్కన పెట్టారు. ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. ఎవరైనా అని ఉంటే ఆయనకి కొంత నయంగా ఉండేదేమో.

సాయంత్రం రేడియోలో వదినకి ఏమీ చెప్పలేదు. తలనొప్పి అని పెట్టేశాను.


ఆరో రోజు

చీపుర్లు లేవు, రోడ్డు నిండా రాళ్ళూ గుల్లలూ ఉన్నాయి. ఇక తడబాట్లకి కొదవ లేదనుకున్నాం. మా సంగతి మాకే తెలియదు.

మొదటి నంబరువాడు రాయి కనబడగానే వంగి తీశాడు. ధనుంజయరావు గారు తీయొద్దన్నారు. సరేనన్నాడు. పది అడుగులు వేసి ఇంకోటి తీశాడు. రెండోవాడు వదిలిన గుల్లని మూడోవాడు తీశాడు. నా వంతు వచ్చేసరికి రోడ్డు మళ్ళీ పళ్ళెంలా ఉంది. కాసులమ్మ నా కళ్ళెదుటే ఒక గుల్ల తీసి కొంగులో వేసుకుంది. అడిగితే ఏడుపు మొహం పెట్టి, "నా ఎనకాల మీరొత్తన్నారు కదండీ. సెయ్యి ఊరుకోదండి" అంది.

నేను మాత్రం? నా వెనక ఇరవయ్యో నంబరు వస్తున్నాడని గుర్తొచ్చి చూసుకుంటే నా గుప్పెట్లో రెండు రాళ్ళున్నాయి.

మధ్యాహ్నం ధనుంజయరావు గారు, "కావాలని తడబడితే సరి" అని తానే ఒక పట్టీ కట్టుకుని నాలుగుసార్లు తూలి చూపించారు. మస్తాన్ పెట్టెలో చూసి తల అడ్డంగా ఊపాడు. తెలిసి తూలితే ఒళ్ళు ముందే సర్దుకుంటుందట, పట్టీ దాన్ని మామూలు అడుగుగానే రాసుకుంటుందట. పెద్దమనిషి ఆయన, చెమటలు తుడుచుకుంటూ కూర్చుండిపోయారు. మొదటిసారి ఆయన మీద నాకు ఇష్టం కలిగింది.

తడబాట్లు సున్నా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.


ఏడో రోజు

దారి చూపింది కాసులమ్మ. పొద్దున్నే గంజి తాగుతూ, ఎవరితోనో కాదు తనలో తాను అనుకుంటున్నట్టు, "ఎనకాల ఎవురూ లేకపోతే ఎవురికోసం ఏరతామండీ" అంది.

అందరం గంజి గిన్నెలు పట్టుకుని ఆగిపోయాం.

ఆరు వరసల రోడ్డు కదా. ముప్ఫై ఒక్కమందిమీ రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అడ్డంగా ఒకే వరసలో నిలబడ్డాం. అందరమూ ముందున్నవాళ్ళమే. సైకిళ్ళు మాత్రం వెనక, వాటికి రాళ్ళు అడ్డం కావు. ధనుంజయరావు గారు మైకులో "పదండి" అన్నారు, కదిలాం.

ఆ నడక ఎలా చెప్పాలో తెలియదు. పక్కన అటు పదిహేనుమంది, ఇటు పదిహేనుమంది, ఎదర సముద్రం విడిచిన రోడ్డు తప్ప మనిషి వీపు ఒక్కటీ లేదు. గాలి అందరికీ ఒక్కసారే తగిలింది. ఎక్కడో కుడి పక్క "అమ్మా" అని ఒక కేక, తర్వాత నవ్వు. ఎడమ పక్క ఇంకొకరు తూలి పక్కవాడి భుజం పట్టుకున్నారు. కాసులమ్మ ఒక పెద్ద గుల్ల తగిలి మూడడుగులు పరిగెత్తినట్టు పోయి ఆగి, "తడబడ్డానండి" అని సంబరంగా చేయెత్తింది.

సాయంత్రం మస్తాన్ లెక్క చూశాడు. అందరికీ మూడో నాలుగో వచ్చాయి. కాసులమ్మకి తొమ్మిది. పంతొమ్మిదో నంబరుకి సున్నా.


ఎనిమిదో రోజు

ఇవాళా సున్నాయే.

నేను కిందికి చూస్తాను. చూడకూడదనుకున్నా చూస్తాను. ఇరవై ఆరేళ్ళు లేచిన మేకుల్ని వెతికిన కళ్ళు. తల పైకెత్తి నడిచాను, కంటి చివర్నుంచి రాయి తెలిసిపోతోంది. మబ్బుల్ని చూశాను, మబ్బుల్ని చూస్తున్న సంగతి కాలికి తెలిసి అది ఆచితూచి పడుతోంది. కాలి మీద ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

మస్తాన్‌ని అడిగాను, ఇంకొకరి నడక మా వదినకి పోయకూడదా అని. నా పట్టీ ఒక్కదాన్నే బయల్దేరే ముందు ఆవిడ ఒంటి కొలతకి కట్టేశారు కాబట్టి కుదరదట. కనీసం ఒక ఇరవై తడబాట్లయినా ఉంటే గాని పోయడానికి అతను ఒప్పుకోడు. ఇంకా రెండు రోజులే ఉన్నాయి.

సాయంత్రం రేడియోలో వదినకి అంతా చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను కూడా.

"అంటే పోయించుకోకపోతే మంచంలో ఉంటా. పోయించుకుంటే నీళ్ళలో ఉంటా. అంతేనా?"

"వదినా, నవ్వులాట కాదు."

"నేనూ నవ్వట్లేదు. నీ తప్పు కాదే ఇది. కింద చూసి నడువు, కింద చూసి నడువు అని నీకు చిన్నప్పట్నించీ నూరిపోసింది నేను. మీ అన్నయ్యా అదే అనేవాడు, పిల్లని మరీ భయపెడుతున్నావు అని. రేపు పొద్దున్నించీ రేడియో ఆపకు. పది నెలలైంది నేను ఈ కిటికీ తప్ప ఇంకోటి చూసి. నువ్వు నడుస్తూ నాకు అన్నీ చెప్పు. పైనవీ దూరంవీ. కిందవి చెప్పావంటే ఊరుకోను."


తొమ్మిదో రోజు

రేడియో మెడలో వేసుకుని వరసలో నిలబడ్డాను. మొదట ఏం చెప్పాలో తోచలేదు.

"ఇక్కడ గుల్లలు నల్లగా ఉన్నాయి వదినా."

"కిందవి వద్దన్నానా?"

తల ఎత్తాను. ఒక పెద్ద హోర్డింగు ఉంది, సగం ఊడిపోయింది. మిగిలిన సగంలో ఎవరో అమ్మాయి నవ్వుతోంది, ఒక కన్నూ సగం నోరూ. చెప్పాను. చీర కట్టుకుందా, ఏం రంగు అని అడిగింది. భుజం దాకానే ఉందన్నాను. జడా ముడా అని అడిగింది. అది చూడ్డానికి మెడ తిప్పాను. చెవి పక్కన మల్లెపూల చివర కొంచెం కనిపించింది. అది చెబుతుంటే వదిన "ఊఁ" అంది, చంటిపిల్లలు కథకి ఊ కొట్టినట్టు. దాంతో నాకు చెప్పాలనిపించింది.

రోడ్డు పైనుంచి అడ్డంగా పోయే పాత రైలు వంతెన, దాని మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు. దూరాన సముద్రం మీద ఒక్కచోటే వాన పడుతోంది, చుట్టూ ఎండ. ఒక పడవ నీళ్ళ మీద కాకుండా నీళ్ళకి జానెడు ఎత్తున గాల్లో పోతోంది. ఎండమావి అని తెలిసినా అలాగే చెప్పాను, గాల్లో పోతోందని. "ఎవరున్నారు పడవలో?" అంది. ఒక మనిషి నిలబడి ఉన్నాడు. "నిలబడ్డాడా, కూర్చున్నాడా? సరిగ్గా చూసి చెప్పు." నేను చేయి అడ్డం పెట్టుకుని కళ్ళు చికిలించి, "నిలబడే ఉన్నాడు వదినా, ఇటే చూస్తు..."

ఎడమ పాదం గుంటలో దిగింది. ఒళ్ళు ముందుకు పోయింది. ఏ దేవుడు వేయించాడో రెండు చిన్న అడుగులు, ఒక పక్కకి తిరుగుడు, చేతులు గాల్లో, ఆగాను. ముప్ఫైమంది నడక ఆపి నా వైపు చూస్తున్నారు.

"ఏమైందే?" అంది రేడియో.

"తడబడ్డాను."

కాసేపటికి గాని ఆ చప్పుడేమిటో నాకు తెలియలేదు. వదిన నవ్వుతోంది. జ్వరం వచ్చాక ఆవిడ నవ్వు వినడం అదే మొదటిసారి. తర్వాత గొంతు సర్దుకుని, "సర్లే, తర్వాత ఆ మనిషి ఏం చేశాడు?" అంది.

సాయంత్రానికి పద్నాలుగు అయ్యాయి. మస్తాన్ రెండుసార్లు చూసి మరీ చెప్పాడు.


పదో రోజు

తెల్లవారుతూనే మొదలుపెట్టాం. వదినకి గొంతు బొంగురుపోయింది, నాకూ పోయింది. గూడబాతులు వరస కట్టి పోవడం చెప్పాను. మెరక మీద ఎవరో ఆరేసిన ఎర్రచీర రెండు మైళ్ళ దూరం నుంచి కనబడితే అది చెప్పాను. ఒకచోట ఏమీ లేదు, ఆకాశం తప్ప. "అదే చెప్పు" అంది. ఆకాశాన్ని చెబుతూ చెబుతూ రెండుసార్లు తూలాను. కుడి బొటనవేలి గోరు ఊడింది. పక్కన కాసులమ్మ నా తడబాట్లని గట్టిగా లెక్కపెడుతోంది, వేలంపాటలో పాడినట్టు.

మధ్యాహ్నానికి నీరు తిరిగి రావడం మొదలైంది. రెండు రోజులు ముందే వస్తోంది. ఏసుపాదం గారు వెనక నుంచి తొందరపెట్టారు. చివరి కిలోమీటరు చీలమండల లోతు నీళ్ళలో నడిచాం, వరస మాత్రం చెదరనివ్వలేదు. కొండపాయ మెరక మీద అందరం ఒకేసారి కాలు పెట్టాం. ఎవరు ముందు చేరారని అడిగితే చెప్పడానికి లేదు.

మస్తాన్ అక్కడే బస్తా కట్టాడు. నా నడక. రాయి తగిలింది. బస్తా ముందుకు వంగింది. రెండు చిన్న అడుగులు, ఒక పక్కకి తిరుగుడు. నిలబడింది. ఇసుక ఒక్క రేణువు కింద పడలేదు.

ధనుంజయరావు గారు మైకు తీసుకున్నారు. "నడిచినవారు ముప్ఫై ఒక్కమంది," అన్నారు. తర్వాత మైకు ఏసుపాదం గారికి ఇచ్చేశారు. ఆయన పెట్టె దగ్గరున్న కాగితం చూసి నెమ్మదిగా చదివారు. "తడబాట్లు ఏడు వందల నలభై." కళ్ళు తుడుచుకుంటూనే చప్పట్లు కొట్టాం.

అందులో నావి ముప్ఫై ఒకటి.


యాత్ర ముగిసిన ఇరవై మూడో రోజు

పుస్తకం ఇంకా కమిటీకి ఇవ్వలేదు. ఇవాళ్టిది రాసి ఇస్తాను.

పడవల్లో ఊరు చేరి, వదినకి నడక పోసి రెండు వారాలైంది. ఇంట్లో నేల మీద వదిన బాగానే తిరుగుతోంది. కుడి పాదం బయటికి వేస్తోంది, మలుపులో ఒక్క క్షణం ఆగుతోంది. "ఛీ, ఇదేం నడకే" అని రోజుకి పదిసార్లు తిడుతోంది. వంతెన మాత్రం ఇంకా ఎక్కలేదు. నేనే ఎక్కనివ్వలేదు. ఇవాళ కాదు రేపు అంటూ వచ్చాను.

పొద్దున్న తూర్పు వరసలోంచి కబురొచ్చింది, ఒక అమ్మాయికి తెల్లవారుజామునుంచీ నొప్పులు వస్తున్నాయని. నేను గుమ్మంలోకి వచ్చేసరికే వదిన సంచీ భుజాన వేసుకుంది. చేయి పట్టుకుంటానన్నాను. "నువ్వు పట్టుకుంటే ఇద్దరం పడతాం" అని నన్ను వెనక్కి నెట్టింది. తూర్పు వరసకి ఏడు వంతెనలు. రాత్రి వాన కురిసి బల్లలన్నీ తడిగా ఉన్నాయి. నేను నాలుగడుగుల వెనక నడిచాను.

ఆరో వంతెన మధ్యలో ఒక బల్ల ఊగుతుందని నాకు తెలుసు. చెప్పబోయాను. అప్పటికే ఆవిడ పాదం దాని మీద పడింది.

బల్ల జారింది. ఒళ్ళు ముందుకు పోయింది, సంచీ ఎగిరి మెడకి చుట్టుకుంది. నేను కేక వేశాను. రెండు చిన్న అడుగులు, ఒక పక్కకి తిరుగుడు, చేతులు గాల్లో. ఆగింది. కింద నీళ్ళు ఊగాయి, ఆవిడ ఊగలేదు.

అది నాదే. ఆ తూలడం, ఆ వికారమైన తిరుగుడు, అంతా నాదే. దాన్ని ఇంకో మనిషి ఒంటి మీద చూడ్డం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

వదిన సంచీ సర్దుకుంది. వెనక్కి తిరగలేదు. "ఇంత అసహ్యంగానా నువ్వు తూలేది?" అంది. "నలుగురూ చూస్తే ఏమనుకుంటారే."

ఏడో వంతెన కూడా దాటింది. ఆ ఇంటి గుమ్మంలో వాళ్ళు చేయి అందించబోతే పక్కకి జరిపి లోపలికి వెళ్ళిపోయింది. నేను వసారాలో కూలబడ్డాను. లోపలి నుంచి ఆవిడ గొంతు వినబడుతోంది, ఆ అమ్మాయిని కసురుతూ, బుజ్జగిస్తూ. పదకొండు నెలల కిందటి గొంతు అది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

తలుపు తెరుచుకుంది. వదిన చీర కుచ్చిళ్ళు దోపుకుని, చేతులు మోచేతుల దాకా తడిసి, ఏమీ పట్టుకోకుండా గడప మీద నిలబడి ఉంది.

"అట్టా చూస్తావేం? వేడినీళ్ళు పట్టుకురా, తల కనబడుతోంది" అంది.

పరిగెత్తాను.